తీగ మందం, తీగ ధర: స్పీకర్ కేబుళ్ల వాదన ఎక్కడిదాకా వచ్చింది?

బోరు మోటారుకు సన్న కేబుల్ వేస్తే ఏమవుతుందో ఇబ్రహీంపట్నం మండలంలో ఏ రైతునడిగినా చెబుతాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్న వోల్టేజీ మోటారు దాకా పూర్తిగా చేరదు. మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది, ఒకనాడు వైండింగ్ కాలిపోతుంది. అందుకే కేబుల్ కొనేటప్పుడు బోరు లోతెంత, స్టార్టర్ ఎంత దూరం, మోటారు ఎన్ని హెచ్‌పీ, తీగ రాగిదా అల్యూమినియందా అని చూసుకుంటారు. ఆ నాలుగింటితో లెక్క తేలిపోతుంది.

అదే రైతు ఇంటి హాలులో అంప్లిఫైయర్‌కూ సౌండ్ బాక్సుకూ మధ్య వేసే తీగ దగ్గరికి వచ్చేసరికి లెక్క తేలడం లేదు. రాగి ఎంత స్వచ్ఛమైనది, లోపల స్ఫటికాలు ఎలా అమరాయి, వెండి పూత ఉందా, తీగకు దిశ ఉందా అంటూ కొత్త ప్రశ్నలు వచ్చి చేరాయి. మీటరుకు పదుల రూపాయలకు దొరికే తీగా ఉంది, జత లక్షల్లో పలికే తీగా ఉంది. రెండింటి మధ్య చెవికి వినబడే తేడా ఉందా అన్న వాదన దాదాపు అర్ధ శతాబ్దంగా నడుస్తోంది. ఇందులో తేలిన సంగతులూ ఉన్నాయి, తేలనివీ ఉన్నాయి. మన ప్రాంతపు ఇళ్లకు వర్తించేవి, వర్తించనివి వేరే. వీటన్నిటినీ ఒకచోట కలిపేయడం వల్లే చిక్కు పెరిగింది.

ఈ పట్టీలో శబ్దం ఇళ్లకు వచ్చిన దారి

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల పట్టీలో చాలా ఇళ్లకు మంచి శబ్దం గల్ఫ్ దారిన వచ్చింది. దుబాయ్, మస్కట్, సౌదీల నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు తెచ్చిన టూ ఇన్ వన్‌లలో స్పీకర్లు డబ్బాలోనే బిగించి ఉండేవి కాబట్టి బయటి తీగ ప్రసక్తే లేదు. విడి సౌండ్ బాక్సుల డెక్కులు వచ్చాక తీగ బయటపడింది. విదేశీ సెట్టు కొనలేనివాళ్లు 4440 ఐసీ బోర్డుతోనో ట్రాన్సిస్టర్ల బోర్డుతోనో అసెంబుల్డ్ అంప్లిఫైయర్ కట్టించుకున్నారు. ఆ సరుకుకు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ పెద్ద అంగడి. ఆ తర్వాత ఐదు చిన్న బాక్సులూ ఒక సబ్‌వూఫర్ ఉన్న హోమ్ థియేటర్ వచ్చింది. దానితో తీగ పొడవు ఒక్కసారిగా పెరిగింది. వెనక గోడ మీది బాక్సులకు అంప్లిఫైయర్ నుంచి గోడ వెంబడి తీగ లాగితే పది, పన్నెండు మీటర్లు అవుతుంది.

నిజానికి పొడవాటి తీగ సమస్యను ఊళ్లు అంతకు ముందే చూశాయి. మైకు సెట్లో అంప్లిఫైయర్ గుడి దగ్గర ఉంటుంది, హారన్ ఊరి చివరి స్తంభం మీద ఉంటుంది. మధ్యలో వందల మీటర్ల సన్న తీగ. అయినా పాట వినబడుతుంది. 1940 నుంచి ఉన్న అహూజా వంటి కంపెనీల అంప్లిఫైయర్ల వెనక ఉండే 100 వోల్టుల లైన్ దానికి కారణం. 100 వాట్లను 4 ఓముల స్పీకరుకు నేరుగా పంపితే తీగలో 5 ఆంపియర్ల కరెంటు పారాలి. అవే 100 వాట్లను 100 వోల్టుల దగ్గర పంపితే 1 ఆంపియర్ చాలు. తీగలో పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది 25వ వంతుకు పడిపోతుంది. హారన్ దగ్గరున్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మళ్లీ దించుతుంది. పెద్ద టవర్ల మీది హైటెన్షన్ లైన్లు చేసే పనే ఇది. ఇంటి అంప్లిఫైయర్లో ఈ ఏర్పాటు లేదు. తక్కువ వోల్టేజీ, ఎక్కువ కరెంటుతో పనిచేస్తుంది. హాలులో వేసే కొద్ది మీటర్ల తీగ కూడా లెక్కలోకి రావడానికి మూలం ఇక్కడుంది.

వాదన ఎప్పుడు మొదలైంది

వాల్వు రేడియోల కాలంలో తీగ గురించి ఎవరూ పట్టించుకోలేదు. కొద్ది వాట్లతోనే గట్టిగా మోగే స్పీకర్లవి, విడి స్పీకర్లలో చాలావాటి నిరోధం 15, 16 ఓములు. బల్బుకు వాడే జంట తీగ సరిపోయేది. 1970లలో పరిస్థితి మారింది. ట్రాన్సిస్టర్ అంప్లిఫైయర్లు వచ్చి వాట్లు పెరిగాయి, స్పీకర్ల నిరోధం 8 ఓములకు, 4 ఓములకు దిగింది. అదే సన్న తీగలో ఇప్పుడు ఎక్కువ కరెంటు పారాలి. ఆ దశాబ్దం రెండో సగంలో జపాన్, ఫ్రాన్స్‌లలో కొందరు తీగ మారిస్తే శబ్దం మారుతోందని రాయడం మొదలుపెట్టారు. ఆ సమయానికి వాళ్ల మాటలో నిజం ఉంది. అప్పటి తీగలు నిజంగానే చాలనివి.

అమెరికాలో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో ఇంజనీరుగా పనిచేసిన నోయెల్ లీ 1979లో మాన్‌స్టర్ కేబుల్ కంపెనీ పెట్టి, మందపాటి తీగను పేరున్న సరుకుగా అమ్మవచ్చని చూపించాడు. అంప్లిఫైయర్ మీద దుకాణంవాళ్లకు మిగిలేది తక్కువ, కేబుల్ మీద ఎక్కువ. అందుకే ప్రతి సెట్టుతోపాటూ కేబుల్ అమ్మడం అలవాటైంది. జపాన్‌లో మరో మార్గం పట్టారు. చిబా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన ప్రొఫెసర్ అత్సుమి ఓనో రాగిని పొడవాటి స్ఫటికంగా పోత పోసే పద్ధతి కనిపెట్టాడు. 1980ల మధ్య నుంచి ఫురుకావా కంపెనీ ఆ తీగను ఆడియో కోసం తయారుచేసింది, 2013లో ఆపేసింది. మందం మీద మొదలైన పోటీ ఆ విధంగా స్వచ్ఛత మీదికి, స్ఫటికాల మీదికి జరిగింది. ఇక్కడే వాదన రెండు పాయలుగా చీలిందని నా అభిప్రాయం. మందం మాట కొలతకు అందుతుంది. స్ఫటికాల మాట చాలావరకు నమ్మకంగానే ఉండిపోయింది.

కొలిచేవాళ్లు ఏమంటారు

ఈ వర్గం దృష్టిలో స్పీకర్ తీగకు మూడే గుణాలు: నిరోధం, ప్రేరకత, ధారకత. ఇళ్లలో వాడే పొడవుల్లో మొదటిదే ముఖ్యం. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం సన్న పోగులు మెలేసిన రాగి తీగ కిలోమీటరు నిరోధం 0.75 చదరపు మిల్లీమీటర్లకు 26 ఓములు, 1.5కు 13.3 ఓములు, 2.5కు 8 ఓముల కన్నా కొంచెం తక్కువ. ఇవి గరిష్ఠ పరిమితులు. వెళ్లే తీగ, తిరిగొచ్చే తీగ రెండూ కలుపుకోవాలి కాబట్టి 5 మీటర్ల దూరానికి 10 మీటర్ల తీగ అని లెక్క వేయాలి.

స్పీకర్ మీద 8 ఓములని రాసి ఉన్నా అన్ని స్వరాల దగ్గరా అది 8 ఓములు ఉండదు. ఒకచోట 4కు పడుతుంది, ఒకచోట 20కి లేస్తుంది. తీగ నిరోధం ఎక్కువైతే 4 ఓములున్నచోట శబ్దం ఎక్కువ తగ్గుతుంది, 20 ఓములున్నచోట తక్కువ తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గు చెవికి స్వరం మారినట్టు వినబడుతుంది. 5 మీటర్ల దూరానికి ఆ హెచ్చుతగ్గు ఎంతో లెక్కగట్టి చూద్దాం. బొమ్మల లైట్లకు వాడే 0.2 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే 1.3 డెసిబెల్లు. శ్రద్ధగా వినేవాళ్లు పట్టుకోగల తేడా ఇది. 0.75 తీగ అయితే 0.43 డెసిబెల్లు. పట్టుకోవడం కష్టం, అసాధ్యమనలేం. ఇంటి వైరింగ్‌లో ప్లగ్ పాయింట్లకు వాడే 2.5 తీగ అయితే 0.14 డెసిబెల్లు. సంగీతం వింటూ ఈ తేడా పట్టుకోవడం దాదాపు అయ్యే పని కాదు. ఆపైన మందం ఎంత పెంచినా ఈ 0.14లోంచే తగ్గాలి, అంతకు మించి బాగుపడటానికి ఏమీ మిగల్లేదు.

స్వచ్ఛత మాట కూడా ఈ లెక్కలోనే తేల్చుకోవచ్చు. ఆక్సిజన్ లేని రాగి మామూలు విద్యుత్ రాగి కన్నా ఒక శాతం మేర మెరుగైన వాహకం. వెండి ఆరు శాతం మెరుగు. మామూలు రాగి తీగను ఆరు శాతం లావు చేస్తే వెండితో సమానమవుతుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర కరెంటు తీగ పైపొరకు జరుగుతుందన్న మాట నిజమే. రాగిలో ఆ పొర లోతు 0.47 మిల్లీమీటర్లు. అయినా 2.5 తీగలో దానివల్ల పెరిగే నిరోధం నాలుగో వంతుకు లోపే, అదీ వినికిడి పై అంచులో. జంట తీగ ప్రేరకత 3 మీటర్లకు 2 మైక్రోహెన్రీల చుట్టూ ఉంటుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర అది పావు ఓము అడ్డంకి. 8 ఓముల సాధారణ స్పీకరుకు దాని ప్రభావం డెసిబెల్‌లో వందో వంతు కూడా రాదు.

ఫ్రెడ్ డేవిస్ 1991లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో 12 రకాల కేబుళ్లను అంప్లిఫైయర్లు, స్పీకర్లతో కలిపి కొలిచి ప్రచురించిన వ్యాసం ఈ వర్గానికి ఆధారం. తక్కువ నిరోధం, తక్కువ ప్రేరకత ఉన్న తీగే మంచిదని, మందపాటి మామూలు తీగ ఇంటికి సరిపోతుందని అందులో తేలింది. మెకింతోష్ ప్రయోగశాలలో ధ్వని పరిశోధన చూసిన రోజర్ రస్సెల్ మరింత తేలికైన సూత్రం ఇచ్చాడు: తీగ మొత్తం నిరోధం స్పీకర్ నిరోధంలో ఐదు శాతం దాటకూడదు. 8 ఓములకు 0.4, 4 ఓములకు 0.2. గోడకు రాసి పెట్టుకోదగ్గ సూత్రం.

వినేవాళ్లు ఏమంటారు

రెండో వర్గాన్ని వ్యాపారులుగానో భ్రమలో ఉన్నవాళ్లుగానో కొట్టిపారేయడం అన్యాయం. వాళ్లలో ఏళ్ల తరబడి శ్రద్ధగా విన్నవాళ్లున్నారు, చదువుకున్నవాళ్లున్నారు. ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మాల్కమ్ హాక్స్‌ఫర్డ్ 1985లో బ్రిటిష్ హైఫై పత్రికలో రాసిన వ్యాసం తీగలో విద్యుదయస్కాంత తరంగం ప్రయాణించే తీరును సమీకరణాలతో విప్పి చూపింది. లోహం లోపలికి చొచ్చుకుపోయే శక్తి కొంత ఆలస్యంగా బయటపడుతుందని ఆయన వాదించాడు. భౌతికశాస్త్రం దృష్టితో అది అర్థం లేని మాట కాదు. ఆ ప్రభావం పరిమాణం చెవి పట్టుకునేంత ఉందా అన్న దగ్గరే విభేదం.

వీరి ప్రధాన వాదన మాత్రం సమీకరణాల మీద ఆధారపడదు. మనం కొలుస్తున్నవే శబ్దాన్ని నిర్ణయించేవి అని ఎవరు చెప్పారు, చెవి మీటరు కన్నా సూక్ష్మమైనదేమో, నిమిషాల్లో మార్చి మార్చి వినే పరీక్ష కన్నా నెలల తరబడి వింటే తెలిసే సంగతులుంటాయేమో అంటారు. ఇందులో మొదటిదానికి జవాబుంది. నేటి కొలత పరికరాలు చెవి పట్టుకోగల స్థాయి కన్నా ఎన్నో రెట్లు చిన్న వక్రతలను కూడా చూపిస్తాయి. రెండు తీగల చివర వోల్టేజీ తేడాను నేరుగా తీసి చూస్తే అందులో దాగడానికి ఏమీ ఉండదు. నెలల తరబడి వినడం గురించిన మాట అంత తేలిగ్గా తీసేయలేం. దానికి మళ్లీ వద్దాం.

తీగ కనబడనప్పుడు

రెండు వర్గాల మధ్య తీర్పరి చూడకుండా వినే పరీక్ష. 1983లో అమెరికాలో స్టీరియో రివ్యూ పత్రిక కోసం లారెన్స్ గ్రీన్‌హిల్ మాన్‌స్టర్ కేబుల్‌ను, మామూలు 16 గేజి జంట తీగను, పైన చెప్పిన 0.2 తీగ అంత సన్నని 24 గేజి తీగను ఇలా పోల్చి చూశాడు. అన్ని స్వరాలూ కలిసిన హోరు వినిపించినప్పుడు సన్న తీగ దొరికిపోయింది. సంగీతం పెట్టి మందపాటి తీగలు రెండింటిలో ఏది ఏదని అడిగితే శ్రోతలు నమ్మకంగా చెప్పలేకపోయారు. పైన గట్టిన 1.3, 0.14 లెక్కలతో ఈ ఫలితం చక్కగా సరిపోతోంది. కొలతా చెవీ ఒకటే మాట చెప్పిన సందర్భమిది. ఈ వాదనలో అంత స్పష్టమైన సాక్ష్యం మళ్లీ దొరకలేదు.

చూస్తూ వినడం ఎంత మారుస్తుందో చెప్పే పరిశోధన కేబుళ్ల మీద కాక స్పీకర్ల మీద జరిగింది. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ ఒకే శ్రోతల చేత నాలుగు స్పీకర్లకు చూస్తూ, చూడకుండా మార్కులు వేయించారు. కనబడినప్పుడు పెద్దవీ ఖరీదైనవీ పైకి లేచాయి. తెర అడ్డం పెట్టగానే ఆ అంతరం తగ్గిపోయింది. ఇంకా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, గదిలో స్పీకర్ చోటు మార్చినప్పుడు వచ్చే నిజమైన తేడాను తెర ఉన్నప్పుడు పట్టుకున్నవాళ్లే కళ్లతో చూస్తున్నప్పుడు పట్టుకోలేకపోయారు. కళ్లు లేని తేడాను కల్పించడమే కాదు, ఉన్న తేడాను మింగేస్తాయి కూడా.

2007లో జేమ్స్ రాండీ తన పది లక్షల డాలర్ల సవాలును కేబుళ్లకు వర్తింపజేశాడు. 12 అడుగుల జత 7,250 డాలర్లకు అమ్ముతున్న పేర్ కంపెనీ కేబుల్‌కూ మామూలు మంచి కేబుల్‌కూ తేడాను చూడకుండా చెప్పాలన్నాడు. అప్పటి మారకం రేటులో ఆ జత ధర రెండున్నర లక్షల రూపాయలకు పైమాటే. స్టీరియోఫైల్ రచయిత మైకేల్ ఫ్రెమర్ ముందుకొచ్చాడు, కేబుల్ కంపెనీ తప్పుకుంది, చివరికి పరీక్ష జరగనే లేదు. దీన్ని రెండు పక్షాలూ తమ విజయంగా చెప్పుకుంటాయి. జరగని పరీక్ష ఎవరి పక్షానా సాక్ష్యం కాదు.

ఇలాంటి పరీక్షను ఇంట్లో కూడా చేసుకోవచ్చు. నాణెం ఎగరేసి, ఏ తీగ తగిలించాలో దాన్నిబట్టి వేరే మనిషి నిర్ణయించాలి, ఆ మనిషి వినేవాళ్లకు కనబడకూడదు. రెండింటి శబ్ద స్థాయి ఒకటే ఉండాలి, ఎందుకంటే రవంత గట్టిగా మోగినదే బాగుందనిపిస్తుంది. 16 సార్లలో 12 సార్లు సరిగ్గా చెబితే గుడ్డిగా చెప్పి నెగ్గే అవకాశం నాలుగు శాతం లోపే. 9, 10 సార్లు సరైతే దానికి విలువ లేదు.

మినహాయింపులు

కొలిచేవాళ్లు కూడా అన్ని సెట్లకూ ఒకటే మాట చెప్పలేరు. కొన్ని ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ల నిరోధం పై స్వరాల దగ్గర 2 ఓముల చుట్టుపక్కలకు పడిపోతుంది. అక్కడ పొడవాటి తీగ ప్రేరకత వినబడవచ్చు. పోగులను జడలా అల్లి ప్రేరకత తగ్గించిన కేబుళ్లలో ధారకత పెరుగుతుంది. అది కొన్ని అంప్లిఫైయర్లను అస్థిరం చేసి పాడుచేసిన సందర్భాలున్నాయి. అంటే ఖరీదైన కేబుల్ వల్ల తేడా వచ్చే అవకాశం ఉంది, కాని ఆ తేడా ఎప్పుడూ మేలే అనుకోవడానికి లేదు. వాల్వు అంప్లిఫైయర్ల సంగతి మరొకటి. వాటి సొంత అంతర్నిరోధమే ఎక్కువ కాబట్టి తీగ వాటా అందులో కలిసిపోతుంది. మన పట్టీలో ఇలాంటి సెట్లు అరుదు.

గది, ఎండ, చెవి

పత్రికల్లో ఈ వాదన చదివి నిర్ణయం తీసుకునే కోరుట్ల, సిరిసిల్ల ఇంటికి ఇంతకన్నా ముఖ్యమైనవి మూడున్నాయి. వాటి గురించి రాసేవాళ్లు తక్కువ.

గల్ఫ్ సంపాదనతో కట్టిన ఇళ్లలో హాలు పెద్దది. పైన స్లాబు, కింద గ్రానైటో మార్బులో టైల్సో, చుట్టూ నున్నగా లప్పం పెట్టిన గోడలు. 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న ఖాళీ గదిని తీసుకుందాం. ఇలాంటి గట్టి తలాలు తమ మీద పడ్డ శబ్దంలో రెండు మూడు శాతం మాత్రమే పీల్చుకుంటాయి. గది మోతను లెక్కగట్టే సాబిన్ సూత్రం ప్రకారం అక్కడ ఒక చప్పుడు పూర్తిగా అణగడానికి నాలుగు నుంచి ఆరు సెకన్లు పడుతుంది. ఇంట్లో సంగీతానికి అర సెకను లోపు ఉంటే బాగుంటుంది. అంత మోగే గదిలో పల్లవి చివరి మాట చరణం మీద వచ్చి పడుతుంది, తబలా దెబ్బ మసకబారుతుంది. సోఫాలు, మనుషులు ఉంటే కొంత తగ్గుతుంది. మందపాటి జంపఖానా, నేల మీద దూది పరుపు, గోడకు కుచ్చులు పోసిన బరువైన కాటన్ తెరలు వేస్తే అర సెకను దగ్గరికి తేవచ్చు. పలచటి పాలిస్టర్ తెర దాదాపు ఏమీ పీల్చుకోదు. బరువైన నూలు గుడ్డ కావాలి. సాంచాల (పవర్‌లూముల) ఊరు సిరిసిల్లను పక్కనే పెట్టుకుని మన ఇళ్లు గుడ్డను వదిలి తీగ మీద ఖర్చు పెట్టడం బాధ కలిగించే సంగతి. 5 మీటర్ల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య 34 హెర్ట్జ్ దగ్గర బేస్ ఊగిసలాట వస్తుంది. ఆ గదిలో కూర్చున్న చోటు ఒక గజం జరిగితేనే బేస్ పది డెసిబెల్ల మేర మారిపోవచ్చు. 0.14 డెసిబెల్లను దీని పక్కన పెట్టి చూడాలి.

రెండోది ఎండ. 8 ఓముల స్పీకర్ లోపలి వాయిస్ కాయిల్ నిరోధం 6 ఓముల చుట్టూ ఉంటుంది. రాగి నిరోధం ప్రతి డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది. డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీలున్న గది మే మధ్యాహ్నం 40 డిగ్రీలైతే కాయిల్ నిరోధం పది శాతం, అంటే 0.6 ఓములు పెరుగుతుంది. 5 మీటర్ల 2.5 తీగ మొత్తం నిరోధం 0.08 ఓములు. జగిత్యాల ఎండాకాలం స్పీకర్‌కు చేసే మార్పు తీగ మొత్తానికి ఏడు రెట్లు. గట్టిగా పాట పెట్టినప్పుడు కాయిల్ లోపల పుట్టే వేడి దీనికి అదనం. స్పీకర్ పెట్టెలో ఉండే క్రాసోవర్ చుట్టలకు కూడా సొంత నిరోధం ఉంటుంది. బయట మీటరుకు వేలు పెట్టి కొన్న తీగ ఆ సన్న చుట్టల దగ్గరికి వెళ్లి ఆగుతుంది.

మూడోది చెవి. పవర్‌లూమ్ షెడ్లలో చప్పుడు సాధారణంగా 90 డెసిబెల్లు దాటుతుంది. ఏళ్ల తరబడి అక్కడ పనిచేసినవాళ్లకు వినికిడి నష్టం ముందుగా 4 కిలోహెర్ట్జ్ చుట్టూ మొదలవుతుంది. మాటలో హల్లుల స్పష్టత, పాటలో తీగవాద్యాల మెరుపు అక్కడే ఉంటాయి. సాంచాల మీద పనిచేసే మనిషి ఉన్న ఇంట్లో సంగీతం కోసం ఖర్చు పెట్టదగ్గ మొదటి వస్తువు చెవిలో పెట్టుకునే రక్షణ బిరడాలు. పోయిన వినికిడిని ఏ కేబుల్ కూడా తిరిగి తేలేదు.

ఇంకా తేలనివి

కేబుళ్ల మీద పద్ధతిగా జరిగిన చూడని పరీక్షలు నిజానికి కొన్నే. చాలావాటిలో శ్రోతలు తక్కువ, ప్రయత్నాలు తక్కువ. తేడా పట్టుకోలేకపోయారు అన్నదాన్ని తేడా లేదు అని చదవడం తొందరపాటు. నెలల తరబడి విని తేల్చే పరీక్షను తెలియకుండా తీగ మార్చి చేయడం కష్టమే, అసాధ్యం మాత్రం కాదు. ఆ పని చేయగల శక్తి పెద్ద కేబుల్ కంపెనీలకుంది, దానివల్ల లాభపడేదీ వాళ్లే. అలాంటి ఫలితం వాళ్లు ఇంతవరకు ముందుకు తేలేదన్నది నా లెక్కలో బరువైన విషయం.

దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయానికి చెందిన మిలింద్ కుంచూర్ 2021లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో, కేబుల్ మారిస్తే శ్రోతలు తేడా పట్టుకున్నారని చూపిన వ్యాసాన్ని ఇటీవల తరచూ ఉదాహరిస్తున్నారు. అది పరికరాల మధ్య సంకేతం మోసే కేబుళ్ల గురించి. స్పీకర్ తీగకు దాన్ని నేరుగా అంటగట్టలేం. పక్కన రేడియో ప్రసార టవరో మొబైల్ టవరో ఉన్నప్పుడు పొడవాటి స్పీకర్ తీగ యాంటెనాలా పనిచేసి అంప్లిఫైయర్లోకి ఆ తరంగాలను పంపగలదన్నది మాత్రం ఇంజనీర్లు ఒప్పుకునే సంగతి. ఏ ఇంట్లో ఎంత అన్నది అక్కడికక్కడే చూడాలి.

ఆనందం విలువ ఎంత అన్న ప్రశ్న కొలతకు లొంగదు. అందమైన తీగ చూసుకుని పాట మరింత బాగుందనుకునే మనిషి పొందే సంతోషం అబద్ధం కాదు. తను కొంటున్నది శబ్దాన్నా, ఆ సంతోషాన్నా అన్నది ఆ మనిషికి తెలిసి ఉండాలి. అమ్మేవాళ్లు ఆ రెండింటినీ కలిపి చెప్పకూడదు.

లక్షల తీగ కన్నా దగ్గరున్న మోసం

ఖరీదైన కేబుల్ విలువైనదా అన్న ప్రశ్న మన పట్టీకి సరిగ్గా అతకదు. లక్షల కేబుల్ కొనేవాళ్లు ఇక్కడ వేళ్ల మీద లెక్కపెట్టదగ్గంత మంది. హోమ్ థియేటర్ కొన్నవాళ్లు వీధి వీధికీ ఉన్నారు. ఆ సెట్ల స్పీకర్లు చాలావరకు 3, 4, 6 ఓములవి, పెట్టెతో వచ్చే తీగ మాత్రం సన్నది. 4 ఓముల వెనక స్పీకరుకు 12 మీటర్ల దూరం 0.2 తీగ లాగితే తీగ నిరోధమే 2 ఓములు. శబ్దం మూడున్నర డెసిబెల్లు పడిపోతుంది, అంప్లిఫైయర్ పంపే శక్తిలో మూడో వంతు తీగలోనే కాలిపోతుంది. అదే దూరానికి 1.5 రాగి తీగ వేస్తే నష్టం 0.7 డెసిబెల్లకు దిగుతుంది. తీగ మారిస్తే వినబడే తేడా నిజంగా ఉన్నది ఇక్కడ, తక్కువ ధర సెట్ల దగ్గర.

అయితే మందపాటి తీగ కొన్నామనుకున్నవాళ్లకు కూడా రాగి దక్కకపోవచ్చు. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న తీగ స్పీకర్ కేబుల్ పేరుతో విరివిగా అమ్ముడవుతోంది. చూడటానికి ఎర్రగా నిగనిగలాడుతుంది. వాహకతలో రాగికి మూడింట రెండు వంతులకు కూడా తూగదు, బరువులో సగం కూడా ఉండదు. తీగను వంచితే పోగులు తొందరగా తెగుతాయి. బోరు మోటారుకు అల్యూమినియం కేబుల్ అయితే అల్యూమినియం అని చెప్పే ఇస్తారు, దానికి తగ్గట్టు లావు పెంచుతారు. ఇక్కడ చెప్పరు. ఇంటి వైరింగ్ తీగ మీద ఐఎస్ఐ గుర్తు, చదరపు మిల్లీమీటర్లు అచ్చువేసి ఉంటాయి. స్పీకర్ తీగ చుట్ట మీద చాలాసార్లు అవేవీ ఉండవు, పెద్ద అక్షరాల్లో వాట్లు రాసి ఉంటాయి. తీగకు వాట్లుండవు. పారదర్శకమైన లావు ప్లాస్టిక్ తొడుగు లోపలి సన్న పోగులను భూతద్దంలా లావుగా చూపిస్తుంది.

బ్లేడుతో ఒక పోగును గోకితే సగం సంగతి తెలుస్తుంది. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం. పైన తెల్లగా ఉండి గోకితే ఎర్రగా కనిపిస్తే తగరం పూత పూసిన రాగి, అది మంచిదే. మిగతా సగం మల్టీమీటర్ చెబుతుంది, అది ప్రతి ఎలక్ట్రీషియన్ సంచిలోనూ ఉంటుంది. 90 మీటర్ల జంట తీగ చుట్ట కొంటున్నప్పుడు ఒక చివర రెండు తీగలనూ కలిపి మెలేసి, రెండో చివర మీటర్ పెట్టాలి. మీటర్ తీగలను ఒకదానికొకటి తాకించినప్పుడు చూపే అంకెను ముందే తీసేయాలి. నిజమైన 1.5 రాగి అయితే 2.4 ఓములకు మించి చూపకూడదు. మూడున్నర దాటిందంటే ఆ చుట్టలో అల్యూమినియమైనా ఉండాలి, రాసినంత మందమైనా లేకపోవాలి. అప్పుడు చుట్టను దుకాణంలోనే తిరిగి ఇచ్చేసి, ఇంటి వైరింగ్‌కు వాడే 1.5 తీగనే రెండు రంగుల్లో అడిగి తెచ్చుకోవచ్చు.